నీడపట్టున పెరిగే తుంగ

హోసూరు, కృష్ణగిరి అనగానే రాగి చేలు, మామిడి తోపులు, గులాబీ తోటలు గుర్తుకొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పూట నేను చెప్పబోయేది ఎవరూ విత్తని, ఎవరూ నీళ్లు కట్టని ఒక మొక్క సంగతి. దాని పేరు తుంగ. తుంగ అంటే మీలో చాలామందికి చేలో కలుపు తీసి తీసి నడుము విరిగిన సంగతే తలపుకు వస్తుంది. నేను చెప్పేది ఆ తుంగ గురించి కాదు. దానికి దాయాదులు చాలా ఉన్నాయి. చెట్ల నీడన, ఊట నీరు ఊరే చిత్తడిలో, ఎండ సూటిగా తగలని చోట పెరిగేవి కొన్ని. మన కుంటల అంచుల్లోంచి, వంకల గట్ల మీదినుంచి అవి ఏటేటా తగ్గిపోతున్నాయి. పోతున్నాయన్న సంగతి కూడా ఎవరికీ పట్టడం లేదు. అందుకే ఈ మాటలు.

ముందు మొక్కను పోల్చుకోవడం ఎలాగో చెప్తాను. చెరువు గట్టుకు పోయినప్పుడు, గడ్డిలా కనిపించే ఒక కాడను తెంపి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి మెల్లగా తిప్పండి. గడ్డి కాడ గుండ్రంగా సాఫీగా తిరుగుతుంది. తుంగ కాడ అలా తిరగదు, మూడు పలకలు వేళ్లకు తగులుతాయి. గడ్డి కాడకు కణుపులుంటాయి, కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. తుంగ కాడ నేల నుంచి పూత దాకా కణుపు లేకుండా ఒకే తీరుగా పోతుంది, లోపల బెండు నిండి ఉంటుంది. ఆకులు కూడా మూడు వరసల్లో, మూడు దిక్కులకు వస్తాయి. కాడ గుండ్రంగా ఉండే తుంగలు కూడా కొన్ని లేకపోలేదు. అయినా మన వైపు కనిపించే వాటిలో ఎక్కువ వాటికి ఈ పరీక్ష చాలు. పిల్లలకు ఒక్కసారి చూపిస్తే ఇక మరిచిపోరు.

పల్లెల్లో దీన్ని గడ్డిలో కలిపి మాట్లాడతాం గానీ, వృక్షశాస్త్రంలో తుంగలది వేరే కుటుంబం. ప్రపంచమంతా కలిపి అయిదున్నర వేల జాతుల దాకా ఉన్నాయి. పాత ఈజిప్టువాళ్లు రాతకు వాడుకున్న పపైరస్ ఒక తుంగే. స్పెయిన్ దేశంలో వాలెన్సియా ప్రాంతంవాళ్లు ఎండాకాలంలో తాగే ఓర్చాతా అనే పాలలాంటి పానీయాన్ని ఒక తుంగ గడ్డలనుంచే తీస్తారు. మనం చుట్టాలు వస్తే పరిచే కోర చాపలూ తుంగ కాడలతో నేసినవే. తిరునెల్వేలి వైపు పత్తమడై చాపలకు ఎంత పేరుందో మీకు తెలుసు.

మన ప్రాంతంలో ఇవి ఎక్కడుంటాయి? మనది బండరాతి దేశం. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున హోసూరు పీఠభూమి, అక్కడినుంచి కృష్ణగిరి వైపు దిగిపోయే మెట్టలు, దక్షిణాన మేలగిరి కొండలు. పడిన వాన బండల చీలికల్లోకి ఇంకుతుంది. ఇంకిన నీరు ఎక్కడో ఒకచోట, గుట్ట పాదాన, మామిడి తోపు పల్లంలో, చెరువు కట్ట వెనకాల, మళ్లీ మెల్లగా పైకి ఊరుతుంది. అలాంటి చోట నేల ఏడాదిలో ఎక్కువ నెలలు తడి ఆరదు. పైన నేరేడో, కానుగో, ఏరుమద్దో కొమ్మలు చాపి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, అక్కడ తుంగ ఉండి తీరుతుంది. తళి, డెంకణికోట, అంచెట్టి వైపు అడవి వంకల్లో ఇలాంటి చోట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఊళ్ల దగ్గరైతే చెరువు తూము పక్కన, మరవ కింద, పాత బావి చుట్టూ చూడాలి.

ఈ నీడ తుంగల్లో నాకు బాగా ఇష్టమైనది కిల్లింగా నెమొరాలిస్ అనే చిన్న తుంగ. జానెడు ఎత్తు, మహా అయితే రెండు జానలు. కాడ చివర బఠాణీ గింజంత తెల్లటి గుండు ఉంటుంది. అదే దాని పూత. గుండు కిందనుంచి మూడో నాలుగో సన్నటి ఆకులు అడ్డంగా చాచుకుని ఉంటాయి. నేల లోపల దుంపవేరు పాకుతూ పోతుంది. దాన్ని నలిపి వాసన చూస్తే కమ్మగా ఉంటుంది. మామిడి తోపుల్లో, కొబ్బరి తోటల్లో, కాలవ పక్కన నీడ ఉన్న తడి నేలలో ఇది పరుచుకుంటుంది. ఇది మన సొంత నేల మొక్క. ఇక్కడినుంచీ ఇలాంటి ఇతర ఉష్ణదేశాల నుంచీ పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న హవాయి దీవుల దాకా చేరి, అక్కడ కలుపు అనిపించుకుంది. ఇక్కడ మాత్రం నేలను పట్టి ఉంచే పని చేస్తుంది. పడమటి కనుమలకు పోతే, నిండు పచ్చని అడవుల్లో, పట్టపగలు కూడా వెలుగు తక్కువగా ఉండే నీటి వంకల్లో, హైపోలిట్రమ్ అనే వెడల్పాటి ఆకుల తుంగ కనిపిస్తుంది. ఊటీ, కోతగిరి పైన చల్లటి సోలా అడవుల చిత్తడుల్లో కేరెక్స్ జాతి తుంగలు ఉంటాయి. నీడనూ తడినీ కలిపి ఓర్చుకునే గుణం ఈ కుటుంబంలో చాలా వాటికి ఉంది.

ఇక చేలో తుంగ సంగతి. దాన్ని తప్పించి పోతే రైతులు నన్ను నమ్మరు. దాని పేరు సైపరస్ రొటండస్. తమిళులు కోరై అంటారు, కన్నడిగులు కొన్నారి గడ్డె అంటారు. 1977లో లెరాయ్ హోల్మ్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని చెడ్డ కలుపుల మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చారు. అందులో మొట్టమొదటి చోటు ఈ తుంగకే ఇచ్చారు. దున్నితే చావదు. నేలలో దాని గడ్డలు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. నాగలి ఆ గొలుసును తెంపితే తెగిన ప్రతి గడ్డా ఒక మొక్కవుతుంది. కలుపు తీశామనుకున్న వారానికే మళ్లీ పచ్చగా లేస్తుంది. రాగి చేలో, టమాటా మడిలో, గులాబీ షెడ్డులో దీనితో పడే బాధ నాకు తెలుసు. దాన్ని మెచ్చుకోమని నేను ఎవరినీ అడగను.

అయితే ఈ చేలో తుంగకు నీడ పడదు. రాగి, మొక్కజొన్న, చెరకు ఎండను ఎలా వాడుకుంటాయో ఇదీ అలాగే వాడుకుంటుంది. ఎండ ఎంత కాస్తే అంత చురుగ్గా పెరుగుతుంది, ఎండ తగ్గితే నీరసిస్తుంది. వరికి ఆ పద్ధతి లేదు. సోలా అడవుల్లో నీడన పెరిగే కేరెక్స్ తుంగలకూ లేదు. అవి తక్కువ వెలుగుతోనే సరిపెట్టుకుంటాయి. అందుకే జనుమో, అలసందో దట్టంగా వేసి నేలను కప్పేస్తే చేలో తుంగ కొంత అణుగుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. చెరువు ఒడ్డున తుంగను వదిలేస్తే అదంతా చేలోకి వస్తుందని చాలామంది భయపడతారు. చెట్ల నీడన, నిలిచిన తడిలో ఉండే తుంగ, ఎండ కాసే మెట్ట చేను కోసం కాచుకుని లేదు. రెండింటి బతుకు తీరు వేరు. చేలో తుంగ మీద కోపంతో చెరువు నీడలోని తుంగను నరకడం అన్యాయం.

ఎప్పుడూ నీళ్లు నిలిచే బురదలో మొక్క బతకడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. వేరుకు కూడా గాలి కావాలి. మంచి నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది. చిత్తడిలో ఆ సందులన్నీ నీటితో నిండిపోతాయి. ఉన్న కాస్త ప్రాణవాయువును నేలలోని సూక్ష్మజీవులు ముందే వాడేసుకుంటాయి. మిరప మొక్కను అలాంటి చోట నాటితే వారంలో వేరు కుళ్లి వాడిపోతుంది. తుంగ మాత్రం తట్టుకుంటుంది. ఎందుకంటే దాని ఆకులోనుంచి, కాడలోనుంచి, వేరు కొన దాకా గాలి గొట్టాలున్నాయి. తామరతూడును అడ్డంగా కోస్తే కనపడే బొక్కలను తలుచుకోండి, తుంగలో అలాంటివే సన్నగా, ఎన్నో ఉంటాయి. ఆకు దగ్గర చేరిన గాలి ఆ గొట్టాల వెంట బురదలోకి దిగుతుంది. వేరు తనకు కావలసింది వాడుకోగా, కొంత ప్రాణవాయువు వేరు చుట్టూ ఉన్న బురదలోకి కారిపోతుంది.

ఇది మీరు కళ్లారా చూడొచ్చు. మన నేలలో ఇనుము ఎక్కువ, ఎర్రమట్టి ఎరుపు దానిదే. గాలి అందని బురదలో ఆ ఇనుము నీటిలో కరిగి ఉంటుంది, బురద నల్లగానో బూడిద రంగుగానో కనపడుతుంది. అక్కడి తుంగను ఒకదాన్ని వేళ్లతో పెకలించి కడిగి చూడండి. వేళ్ల మీద తుప్పు రంగు పూత ఉంటుంది. వేరు వదిలిన ప్రాణవాయువు తగిలి, కరిగిన ఇనుము తుప్పుగా మారి అక్కడే అంటుకుంది. నల్లటి బురద లోపల, వెంట్రుకంత సన్నటి వేరు చుట్టూ, గాలి ఆడే ఒక చిన్న చోటు ఏర్పడిందనడానికి ఆ ఎర్రటి పూతే సాక్ష్యం. ఆ చోట గాలి కావలసిన సూక్ష్మజీవులు బతుకుతాయి. పక్కనే, రెండు మిల్లీమీటర్ల దూరాన, గాలి అక్కర్లేనివి బతుకుతాయి. మురుగులోని కుళ్లును ఒకటి విరగ్గొడితే, దానినుంచి వచ్చిన నత్రజనిని ఇంకొకటి గాలిలోకి వదిలేస్తుంది. తుంగ పెరిగే చిత్తడి నీటిని శుభ్రం చేస్తుందని పెద్దలు చెప్పే మాట వెనక ఉన్న పని ఇదే.

ఈ పనిని లెక్కగా చూసిన వారిలో మొదట చెప్పుకోవలసింది కేథె సైడెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞురాలిని. 1950లలో ఆమె మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేస్తూ, చెరువుల్లో పెరిగే ఒక పొడుగాటి తుంగ మురికినీటిలోని విషాలను ఎలా తట్టుకుంటుందో, ఎలా తగ్గిస్తుందో పరీక్షించి చూపింది. నీటి ఇంజనీర్లు మొదట్లో ఆమె మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో దేశాల్లో కట్టే కృత్రిమ చిత్తడులకు ఆమె పనే పునాది. మన హైదరాబాదులో నెక్నాంపూర్ చెరువు మీద తేలే మొక్కల తెప్పలు వేసి నీటిని బాగుచేసే ప్రయత్నం జరిగింది. అదీ ఆ దారిలోదే.

దక్షిణ పినాకిని గురించి ఇక్కడ చెప్పాలి. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. నందికొండల్లో పుట్టి, బెంగళూరు తూర్పు అంచునుంచి మురుగు కలుపుకుని, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి వస్తుంది. వర్తూరు చెరువు పొర్లితే ఆ నీరూ ఈ నదిలోకే. వానలు పడి నీళ్లు వదిలినప్పుడల్లా కెలవరపల్లి దగ్గర నది మీద తెల్లటి నురగ గుట్టలుగా లేవడం, దుర్వాసన రావడం పత్రికల్లో చూస్తున్నారు. కింద ఉన్న రైతులు ఆ నీటినే పొలాలకు పెట్టుకోవాలి. ఇంత మురుగును ఒడ్డున ఉన్న తుంగ కడిగేస్తుందని నేను చెప్పను. అలా చెప్పడం తప్పు. ఫ్యాక్టరీ వ్యర్థాన్ని ఫ్యాక్టరీ దగ్గరే ఆపాలి, ఊరి మురుగును ఊరి దగ్గరే శుద్ధి చేయాలి. కానీ మన ఊళ్ల చిన్న వంకలు, ఒక్కొక్క వీధి కాలువ వచ్చి కలిసే కుంటలు, వీటికి తుంగ చేసే పని చాలా పెద్దది. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. నీరు మెల్లగా ప్రవహించే ఒక నీడ మూల దానికి ఉంటే చాలు.

చిత్తడిలో తుంగ చచ్చినా త్వరగా కుళ్లదు. గాలి అందదు కదా. ఆకులు, వేళ్లు పొరల మీద పొరలుగా పేరుకుపోతాయి. చల్లటి చోట్ల అవి నల్లటి పీట్ మట్టి అవుతాయి. మన హోసూరులో అంత మందం పీట్ లేదు, నీలగిరుల్లో ఉంది. ప్రపంచం మొత్తంలో ఇలాంటి పీట్ నేలలు భూభాగంలో 3 శాతం మాత్రమే, కానీ అడవులన్నీ కలిసి దాచుకున్న కార్బన్ కంటే వీటిలో ఉన్నదే ఎక్కువ. ఇందాక ఎండను వాడుకునే పద్ధతులు రెండున్నాయని చెప్పాను కదా. ఆ రెండు పద్ధతుల మొక్కల్లో తేలిక కార్బన్‌కూ బరువు కార్బన్‌కూ ఉండే నిష్పత్తి కొద్దిగా తేడాగా ఉంటుంది. మొక్క చచ్చి వేల ఏళ్లు గడిచినా ఆ తేడా మట్టిలో అలాగే నిలుస్తుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రామన్ సుకుమార్, ఆయన సహచరులు నీలగిరి పీట్ పొరలను తవ్వి, ఏ కాలంలో ఏ పద్ధతి మొక్కలు ఎక్కువగా ఉండేవో లెక్కగట్టి, దాన్నిబట్టి గడిచిన 20,000 ఏళ్లలో దక్షిణ భారతంలో వానలు ఎప్పుడు బాగా కురిశాయో ఎప్పుడు తగ్గాయో చెప్పారు. 1993లో నేచర్ పత్రికలో అది అచ్చయింది. మన దేశపు వానల పాత లెక్క గడ్డి, తుంగ లాంటి మొక్కల కుళ్లని ఆకుల్లో దొరికింది.

అదే సుకుమార్ గారు ఏనుగుల మీద కూడా ఎంతో పనిచేశారు. బిళిగిరిరంగన కొండలు, సత్యమంగలం అడవుల్లో ఏనుగులు 112 రకాల మొక్కలు తింటాయని, వాటి తిండిలో ఎక్కువ భాగం ఇచ్చే కుటుంబాల్లో తుంగల కుటుంబం ఒకటని రాశారు. మన వైపు ఏనుగుల సంగతి వేరే చెప్పాలా? రాగులు కంకి వేసే కాలానికి బన్నేర్‌ఘట్ట నుంచి జవళగిరి, తళి మీదుగా సానమావు అడవికి దిగుతాయి. చేలో రాగి రుచి మరిగినవాటిని తుంగ ఆపలేదు, నిజమే. కానీ అడవి లోపలి వంకల్లో తడి ఉండి, పచ్చిక ఉండి, తుంగ ఉంటే అవి అక్కడ ఇంకొన్నాళ్లు నిలుస్తాయి. అడవి వంకలు ఎండిపోయి, అరిపూల కంప దట్టంగా కమ్ముకుంటే అవి ఎక్కడికి పోవాలి?

ఏనుగు దాకా ఎందుకు. తూనీగ పిల్ల నీటిలో పుడుతుంది, నీటిలోనే పెరుగుతుంది. రెక్కలు వచ్చే పూట నీళ్లు దాటి పైకి రావడానికి దానికి ఒక నిలువు కాడ కావాలి. తెల్లవారుజామున తుంగ కాడను పట్టుకుని పైకి పాకి, అక్కడే పాత పెంకు వదిలి ఎగిరిపోతుంది. ఆ పెంకులు కాడలకు అంటుకుని ఉండడం మీరు చూసే ఉంటారు. సిమెంటు గట్టున్న చెరువులో ఆ పని కష్టం. ఆ తూనీగలే కదా దోమలను తినేది. కప్పలు దాక్కునేదీ తుంగ మొదళ్లలోనే. జీనువాయి పిట్టలు దాని గింజలు తింటాయి. అడవిపందులు దుంపల కోసం బురదను తవ్వుతాయి. కాళిదాసు శాకుంతలంలో కూడా కుంటల్లో ముస్తలు పెళ్లగించే పందుల ప్రస్తావన ఉంది. ముస్త అన్నా తుంగగడ్డే.

ఆ ముస్త మన ఇళ్లలోకీ వచ్చింది. నలుగుపిండిలో తుంగముస్తలు, కచ్చూరాలు, బావంచాలు కలిపి దంచుతారు. ఆయుర్వేదంలో జ్వరంలో దాహానికి ఇచ్చే షడంగపానీయంలో ఉండే ఆరు మూలికల్లో ముస్త ఒకటి. మిగిలినవి పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి. ఎంత వాడాలో, ఎవరికి వాడాలో వైద్యుణ్ణి అడిగి వాడుకోండి. సూడాన్ దేశంలో నైలు నది దగ్గర అల్ ఖిదాయ్ అనే చోట దొరికిన అస్థిపంజరాల పళ్ల మీది గారను పరీక్షించి, వేల ఏళ్ల కిందట, వ్యవసాయం రాకముందే, అక్కడివాళ్లు ఈ తుంగ గడ్డలు తినేవారని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అక్కడివాళ్లలో పుచ్చిపళ్లు తక్కువగా ఉండడానికి ఈ గడ్డలు ఒక కారణం కావచ్చని వాళ్ల అభిప్రాయం. ఇదంతా మనం చేలో తిట్టుకునే తుంగ సంగతే.

మన తుంగలకు శాస్త్రంలో పేర్లు వచ్చిన కథలో తెలుగు నేల కూడా ఉంది. యోహాన్ గెరార్డ్ కోనిగ్ అనే ఆయన స్వీడన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. 1768లో డేనిష్ వాళ్ల తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, కోరమాండల్ తీరంలో మొక్కలు ఏరి యూరప్‌కు పంపాడు. అలా వెళ్లిన తుంగలను కోపెన్‌హాగెన్‌లో రాట్‌బోల్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి, 1773లో పుస్తకంగా తెచ్చాడు. నాకు ఇష్టమన్న ఆ కిల్లింగా జాతికి పేరు పెట్టింది ఆయనే. కోనిగ్ 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆఖరు రోజుల్లో ఆయన దగ్గర ఉన్నది విలియం రాక్స్‌బర్గ్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, ఊరివాళ్లను అడిగి మొక్కలకు తెలుగు పేర్లు రాసుకున్నాడు. తరవాత 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లాడు. మన కాలానికి వస్తే, తిరుచిరాపల్లిలో రాపినా హెర్బేరియం నడిపిన కె. ఎం. మాథ్యూ అనే జెసూట్ పాదిరి, తమిళనాడు కర్ణాటిక్ ప్రాంతపు వృక్షజాలాన్ని 1981 నుంచి 1983 వరకు సంపుటాలుగా తెచ్చారు. మన వైపు మొక్కల మీద పనిచేసే పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, వాళ్లు మొదట తెరవవలసిన పుస్తకం అదే.

ఇక అసలు మాటకు వస్తాను. చెరువులో పూడిక తీయడం మంచి పని. 2017లో తమిళనాడులో కుడిమరామత్తు పేరుతో చెరువులు బాగుచేసే పని మళ్లీ మొదలైంది. మన కృష్ణగిరి జిల్లాలో వందల చెరువులు, కుంటలు ఉన్నాయి. కుడిమరామత్తు అంటే పాతకాలంలో ఊరంతా కలిసి చేసిన పని. పూడిక మట్టి చేలకు బలం. ఇందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా బాధ పని చేసే తీరు మీద. జేసీబీ దిగితే చెరువు చుట్టూ అంచును నిలువుగా చెక్కేస్తుంది. లోతు పెరిగింది, చూడ్డానికి శుభ్రంగా ఉంది, బిల్లు అయిపోయింది. కానీ తుంగకు కావలసింది మెల్లగా వాలే ఒడ్డు. నీరు తగ్గేకొద్దీ తడి కిందికి జరుగుతూ, తుంగ కూడా దాని వెంట జరగాలి. నిలువు గట్టులో దానికి చోటుండదు. గుర్రపుడెక్కను ఏరినట్టే తుంగనూ ఏరి పారేస్తారు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి చెరువును మూసేసేది. తుంగ ఈ నేలలోనే పుట్టి చెరువు అంచును పట్టి నిలిపేది. ఈ రెండిటినీ ఒకే చెత్త కింద లెక్కగట్టడం చాలా పెద్ద తప్పు.

గట్టు మీద ఉన్న పాత నేరేడు, మద్ది, కానుగ చెట్లు కొట్టేయడం ఇంకొక నష్టం. నడక దారి కోసమని, బండి పోవాలని కొట్టేస్తారు. నీడ పోతే నీరు త్వరగా ఆవిరవుతుంది, నీడన ఉండే తుంగ మాడిపోతుంది, ఆ చోటుకు సీమతుమ్మ వస్తుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఊటలు ఎండడం దీనికి తోడు. ఊట ఎండిందన్న సంగతి మనకు ముందు చెప్పేది కూడా తుంగే. ఒకచోట ఏళ్లుగా ఉన్న తుంగ పల్చబడి, గరిక పైకి వస్తోందంటే, నేల కింద తడి దిగిపోతోందని అర్థం. బావి నీళ్లు కొలిచే ముందే మీకు ఆ సంగతి తెలుస్తుంది.

చేయవలసింది పెద్ద ఖర్చు కాదు. వంక వచ్చి చెరువులో కలిసే మూలను తవ్వకుండా వదిలేయండి. నీటిలో వచ్చే మట్టిని, చెత్తను ముందు పట్టేది ఆ మూలే. అది ఉంటే మిగతా చెరువులో పూడిక కూడా తగ్గుతుంది. ఒడ్డును నిలువుగా కాక వాలుగా చెక్కమని కాంట్రాక్టరుకు పని మొదలుకాకముందే చెప్పండి. ఒకే ఏడాది చుట్టూ అంతా గీకేయకుండా, ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఒక పక్క చేయండి. ఒకపక్క మిగిలిన తుంగ రెండో పక్కకు దానంతటదే పాకుతుంది. తప్పనిసరిగా తీయవలసి వస్తే, తుంగ మొదళ్లను మట్టిగడ్డలతో సహా తీసి పక్కన తడిగా ఉంచి, పని అయ్యాక ఒడ్డున తిరిగి పెట్టండి. ఎండాకాలంలో ఎండిన తుంగకు నిప్పు పెట్టొద్దు. కోసుకుంటే పశువుల కొట్టంలో పరుపుకు పనికొస్తుంది. కోసినా మళ్లీ చిగురిస్తుంది, కాలిస్తే దానిలో ఉన్న గూళ్లు, గుడ్లు అన్నీ పోతాయి.

బడి పంతుళ్లకు ఒక విన్నపం. వానాకాలం అయిపోయాక, నీళ్లు పలచగా ఉన్నప్పుడు, పిల్లలను ఊరి కుంట దగ్గరకు తీసుకుపోండి. లోతు లేని ఒడ్డున, మీరు పక్కన ఉండి, కాడను వేళ్ల మధ్య తిప్పించండి. ఒక్క తుంగ వేరు కడిగి, దాని మీది తుప్పు రంగును చూపించండి. మూడు పలకల కాడలు ఎన్ని రకాలున్నాయో ఏరి, ఒక్కొక్కటి పాత పత్రికల మధ్య పెట్టి ఆరబెట్టమనండి. ఎక్కడ దొరికిందో, ఎండలోనా నీడలోనా, తడిలోనా పొడిలోనా, తేదీ వేసి పక్కన రాయించండి. ఇంట్లో అవ్వ దాన్ని ఏమంటుందో అదీ రాయించండి. కోనిగ్, రాక్స్‌బర్గ్ చేసింది ఇదే పని. మన జిల్లా కొత్తది, ధర్మపురి నుంచి 2004లో విడిపోయింది. దాని కుంటల్లో ఏయే తుంగలున్నాయో కుంటకొక పట్టీ తయారైతే, దాన్ని మన పిల్లలే తయారుచేస్తే, పూడిక పని వచ్చినప్పుడు పంచాయతీ ముందు పెట్టడానికి ఒక ఆధారం ఉంటుంది.

పంచాయతీ పెద్దలకు, చెరువు కింద ఆయకట్టు ఉన్న రైతులకు చివరగా చెప్పేది ఒక్కటే. ఈ ఎండాకాలం మీ ఊరి చెరువులో యంత్రం దిగేముందు మీరే వెళ్లి, నీడ ఉన్న తడి మూలకు నాలుగు కర్రలు పాతి, ఇక్కడ తవ్వొద్దని గుర్తు పెట్టండి.